ఉత్తరం వైపు మేఘం

కిందటి నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచి సర్దుతూ ఉండగా ఎడిన్‌బర్గ్ నుంచి మా వదిన కూతురు ఫోను చేసింది. వదిన అంటే మా ఆవిడకి సొంత అక్క. ఆమె భర్త నాకు తోడల్లుడు, లండన్‌లో మత్తు డాక్టరు. ఆయనకి అరవై నిండబోతున్నాయి. వాళ్ళుండే స్టాన్‌మోర్‌లోనే హాలు తీసుకున్నారట, షష్టిపూర్తికి వచ్చినవాళ్ళకి పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులో అయినవాళ్ళందరూ తలా ఒక పేజీ రాయాలట. ఈ దేశంలో పుట్టిన పిల్ల, మనం మాట్లాడే తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"బాబాయ్, యూ హావ్ టు డూ ద హెయిల్‌స్టార్మ్ స్టోరీ. యూ వర్ ఆన్ ద ఫోన్ విత్ హిమ్! ఇట్స్ హిలేరియస్, ప్లీజ్."

సరే తల్లీ అని పెట్టేశాను. చేతిలో ఉన్న పళ్ళేన్ని ఎంతసేపు తుడిచానో నాకు తెలియదు, మా ఆవిడ వచ్చి లాక్కుంది.

ఆ వడగళ్ళ కథ మా రెండు కుటుంబాల్లోనూ అందరికీ కంఠతా వచ్చు. డాక్టరు గారికి సుడిగాలి ఫొటోల పిచ్చి పట్టుకుని, ఒక జూన్ నెల మధ్యాహ్నం కొత్త కారులో భార్యని కూర్చోబెట్టుకుని, తిన్నగా తీసుకెళ్ళి వడగళ్ళ కింద పెట్టాడు. అద్దాలు పగిలాయి. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషి ఊపిరి లెక్కపెట్టే పెద్దమనిషికి నెత్తిమీద అంత మేఘం కనబడలేదు. ఇదీ కథ. పదకొండేళ్ళుగా ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి గృహప్రవేశానికీ ఎవరో ఒకరు చెప్పడం, అందరూ నవ్వడం. నేనూ నవ్వాను, అందరికంటే కాస్త ఆలస్యంగా.

అందులో చెప్పేవన్నీ నిజాలే, ఒక్కటి తప్ప. ఆయన తనంతట తాను ఆ మేఘం కిందకి పోలేదు. నేను పంపాను, తెలిసే పంపాను. ఎందుకు పంపానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది బందరు. మా నాన్న రేవు ఆఫీసులో గుమాస్తా. నా ఈడువాళ్ళలో సముద్రం పక్కన పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వాయుగుండం పడిందంటే రేడియోలో వార్తల చివర ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో చెప్పేవారు. మూడో నంబరు అంటే మా అమ్మ బట్టలు లోపల వేసేది, ఏడో నంబరు అంటే కిరసనాయిలు తెప్పించేది. ఆ అంకెలు వింటూ, రాబోయేదాన్ని ముందే తెలుసుకున్నవాడే గొప్పవాడని నా చిన్న బుర్రలో ఎక్కడో నాటుకుపోయింది. అందుకని ఇరవై రెండేళ్ళ కిందట స్విండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి, రోజంతా పడినా చొక్కా సరిగ్గా తడవని ఇక్కడి వానని చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు రెండో ఏడు ఎండాకాలం దాకానే. ఫ్రాన్సు మీదుగా వేడిగాలి వచ్చి రెండు రోజులు ఉక్కబోసి, మూడోరోజు సాయంత్రం విల్ట్‌షైర్ పొలాల మీద లేచిన మేఘాన్ని చూశాక, ఈ దేశానికీ కోపం వస్తుందని తెలిసింది.

ఇక అక్కణ్ణుంచి వాటి వెంట పడ్డాను. ఒక చిన్న వాతావరణ సంఘంలో చేరాను, వాళ్ళ ద్వారా రాడార్ సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఇప్పుడు ఫోనుల్లో కనిపించే వాన బొమ్మ కాదు అది. వాన ఎక్కడ ఎంత గట్టిగా పడుతోందో చూపించే బొమ్మ కింద ఇంకో పొర ఉండేది, అది గాలిది. రాడార్ వైపుకి వచ్చే గాలి ఆకుపచ్చ, రాడార్ నుంచి దూరంగా పోయే గాలి ఎరుపు. మామూలుగా ఆ రెండూ ఎక్కడివక్కడ పెద్ద పెద్ద మరకల్లా ఉంటాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక మేఘం లోపల, గోరంత మేరలో, ఎరుపూ ఆకుపచ్చా ఒకదాన్నొకటి ఒరుసుకుని కనబడతాయి. అంటే ఆ మేఘం కడుపులో గాలి గుండ్రంగా తిరుగుతోందన్నమాట. దాన్ని ఒక్క బొమ్మలో చూసి నమ్మకూడదు. అయిదు నిమిషాల తరవాత వచ్చే బొమ్మలోనూ, ఆ తరవాతి దానిలోనూ ఆ జంట చెదరకుండా ముందుకి జరిగితే, అప్పుడు లేచి కారు తియ్యాలి. పైగా బొమ్మ మన దాకా వచ్చేసరికే కొంత పాతబడి ఉంటుంది. తెర మీద కనబడే చోట మేఘం ఉండదు, దాన్ని వదిలి ముందుకి పోయి ఉంటుంది. ఎంత ముందుకి పోయి ఉంటుందో మనసులో లెక్క కట్టుకుని దారి చెప్పాలి. నాకు ఆ లెక్క బాగా వచ్చేది. గొప్పలు పోవడం లేదు, నాకు ఈ దేశంలో బాగా వచ్చిన విద్య అదొక్కటే.

మా తోడల్లుడు అప్పటికే పెద్ద డాక్టరు. నాకంటే ఏడేళ్ళు పెద్ద, కుటుంబానికి పెద్దల్లుడు, అన్నిట్లోనూ ముందువాడు. నేను ఆయన్ని అన్నయ్యా అనేవాణ్ణి. ఆయన పిలుపు మాత్రం ఎప్పుడూ ఏమోయ్. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి నా గదిలో తెర చూసి, "ఏమోయ్, ఎవరికి తీస్తున్నావు ఈసీజీ?" అన్నాడు. నేను చెప్పాను. పూర్తిగా విన్నాడు. వినడం ఆయనకి బాగా తెలుసు. మర్నాటి నుంచి నాకు వరుణదేవుడని పేరు పెట్టాడు. "వరుణదేవా, రేపు మా బార్బెక్యూకి అనుమతి ఉందా?" అని పదిమందిలో ఫోను చేసేవాడు. అలా నవ్వుతూనే ఆ ఎండాకాలం నాతో ఒకసారి వచ్చాడు, ఆ తరవాత నన్ను ఒక్కణ్ణీ పోనివ్వలేదు.

కారు ఆయనది, నడిపేది ఆయన. పక్క సీట్లో నేను, మోకాళ్ళ మీద లాప్‌టాప్, డాష్‌బోర్డు మీద సిగ్నల్ కోసం పెట్టిన డాంగిల్. వెనక సీట్లో వదిన కట్టిచ్చిన పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కు. రోడ్డు పక్కన కార్లు ఆపుకునే లేబైల్లో గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం. ఎక్కువసార్లు ఏమీ దొరికేది కాదు, తడిసిన గొర్రెల్ని చూసి వెనక్కి వచ్చేవాళ్ళం. ఆయన తెర వంక చూసేవాడు కాదు. మలుపు దగ్గరకి రాగానే "ఎటు?" అనేవాడు, నేను "ఎడమ" అంటే ఎడమకే తిప్పేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. అంత గుడ్డిగా నా మాట విన్న మనిషి నా జన్మలో ఇంకొకరు లేరు. మా ఆవిడ కూడా నేను దారి చెబితే ఒకసారి దారి చూపే శాట్‌నావ్ వంక చూసుకుంటుంది.

అలా మూడో ఏడు వాంటేజ్ అవతల ఒక బార్లీ చేను పక్కన మాకు దొరికింది. నాలుగు బొమ్మల నుంచి ఆ ఎరుపు ఆకుపచ్చల జంటని పట్టుకుని వస్తున్నాను, ఇక్కడ ఆపండి అన్నాను, ఆపాడు. చేను మీదుగా మేఘం అడుగు కిందకి జారి, కుమ్మరి సారె మీద మట్టి ముద్దలా నెమ్మదిగా తిరుగుతోంది. ఇద్దరం కారు దిగాం. ఆయన ఫొటో తీశాడు. బ్రహ్మాండమైన ఫొటో, అది మాత్రం కాదనను.

ఆ చలికాలం మా సంఘంవాళ్ళు ఒక పల్లెటూరి హాల్లో సమావేశం పెట్టి, ఆ ఫొటోకి ఆ ఏటి బహుమతి ఇచ్చారు. ఆయన మాట్లాడడానికి లేచాడు. ఎవరో ముసలాయన అడిగాడు, సరిగ్గా అక్కడే నిలబడాలని ఎలా తెలిసింది అని. నేను ముందు వరసలో కూర్చున్నాను. నా పేరు చెబుతాడని మొహం కూడా సర్దుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన చిరునవ్వు నవ్వి, మత్తు ఇచ్చేవాడికి మనిషి ఊపిరి చూస్తే సంగతి తెలిసిపోతుంది, మేఘానికీ అంతే, చూడడం అలవాటైతే చాలు అన్నాడు. చప్పట్లు. అవి తగ్గాక నన్ను చూసి, "ఓహ్, దిస్ ఈజ్ మై కో-బ్రదర్. హీ హోల్డ్స్ ద లాప్‌టాప్" అన్నాడు. ఆ కో-బ్రదర్ అన్న మాట వింతగా ఉండి ఒకళ్ళు, మిగతా మాటకి ఒకళ్ళు, హాలంతా నవ్వింది.

లాప్‌టాప్ పట్టుకుంటాడు! ఆ మాట నాతో పాటు ఇంటికి వచ్చింది, ఆఫీసుకి వచ్చింది, స్నానాలగదిలోకి వచ్చింది. ఆ ఫొటోని పెద్దది చేయించి స్టాన్‌మోర్ ఇంట్లో ముందుగదిలో తగిలించారు. మా అత్తగారు ఇక్కడికి వచ్చి ఆరు నెలలుండి వెళ్తూ దాని కాపీ ఒకటి కాకినాడ తీసుకెళ్ళారు, పెద్దల్లుడు తీసిన సుడిగాలి అని వీధిలో అందరికీ చూపించారట. నేను పోట్లాడి ఉండవచ్చు. అన్నయ్యా, నాకు బాధేసింది అని ఒక్క మాట అని ఉండవచ్చు. అనలేదు. తోడల్లుళ్ళకి మాట వస్తే అక్కాచెల్లెళ్ళకి వస్తుందని పైకి చెప్పుకున్నాను. నిజానికి అసలు కారణం అది కాదు. పోట్లాడితే ఆయన భుజం తట్టి సారీ అనేవాడు, అంతటితో చెల్లయ్యేది. నాకు చెల్లవ్వడం ఇష్టం లేదు. ఆయన పదిమందిలో వెర్రివాడవ్వాలి. అది నా చేతులతో జరగాలి, నా చేతులు ఎవరికీ కనబడకూడదు. చలికాలమంతా దాన్ని చంటిబిడ్డలా సాకాను.

ఎండాకాలం రాగానే నాకు నడుంనొప్పి అని చెప్పాను, కార్లో అంతసేపు కూర్చోలేను, ఇంట్లో పెద్ద తెర ముందు కూర్చుని ఫోనులో దారి చెబుతానన్నాను. మాలాంటి వాళ్ళలో అది మామూలే. రోడ్డు మీద ఉన్నవాడికి చెట్లూ గుట్టలూ తప్ప ఏమీ కనబడదు, ఇంట్లో కూర్చున్నవాడికి జిల్లా అంతా కనబడుతుంది. అందుకే రోడ్డు మీదవాడు ఇంట్లోవాడి మాటని దాటకూడదు, ఇంట్లోవాడు తనకి తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. రాసుకున్న నియమం కాదు గానీ అందరూ పాటించేదే. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. "అదీ మంచిదేనోయ్, కెమెరా సంచీకి చోటు దొరుకుతుంది" అన్నాడు. ఆ మాటని కూడా దాచుకున్నాను.

ఆ రోజు శుక్రవారం. ఆసుపత్రి డ్యూటీల రోటాలో ఆయనకి సెలవు, నేను ఇంటినుంచి పని. మధ్యాహ్నం మూడింటికి ఆయన హంగర్‌ఫర్డ్ దగ్గర రోడ్డు పక్కన కారు ఆపుకుని, ఎప్పట్లాగే చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని నాకు ఫోను చేశాడు. నైరుతి నుంచి రెండు మేఘాలు వస్తున్నాయి. దక్షిణం వైపుది వాన బొమ్మలో చిన్నది, చూడ్డానికి ఏమీ లేదు. కానీ గాలి బొమ్మలో మూడుసార్ల నుంచి ఎరుపూ ఆకుపచ్చా అంటుకుని వస్తున్నాయి, ఒక్కోసారికీ ఇంకా బిగుస్తున్నాయి. ఆయన ఉన్నచోటి నుంచి కదలనక్కర్లేదు, అదే వచ్చి ఎదురుగా దిగుతుంది. ఉత్తరం వైపుది వాన బొమ్మలో పెద్దది, నడుమ ఎర్రగా మండుతూ, ఎరుపు మధ్యలో ఊదారంగు. అందులో సుడి ఛాయ కూడా లేదు. ఊదారంగు అంటే వడగళ్ళు, పెద్దవి. ఇవన్నీ నాకు స్పష్టంగా తెలుసు. చూసి పొరబడ్డానని ఎవరైనా నా తరఫున అనబోతే, వద్దు.

"ఎటు?" అన్నాడు.

"ఉత్తరం అన్నయ్యా. పెద్దదాన్లో సుడి ఉంది. లాంబోర్న్ దాటి గుట్టలెక్కండి" అన్నాను.

కారు తీసిన చప్పుడు వినబడింది. నా గుండె ఎంత హాయిగా కొట్టుకుందో రాయకుండా వదిలేస్తే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. కొత్త కారు సొట్టలు పడి, తడిసిన పిల్లిలా వెనక్కి వస్తాడు. ఈలోగా దక్షిణం వైపు సుడి దిగుతుంది, ఇంకెవరో ఫొటో తీస్తారు. వచ్చే సమావేశంలో నేను లేచి, డాక్టరు గారు మేఘం ఊపిరి చూసి ఉత్తరానికి పోయారు అంటాను. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ముందే కూర్చుకుని పెట్టుకున్నాను కూడా.

ఇరవై నిమిషాల తరవాత మళ్ళీ ఆయన గొంతు. "ఏమోయ్, ఇక్కడ ఆకాశం ఆకుపచ్చగా అయిపోయింది. రెండు పక్కలా కంచెలు, సన్న దారి, తిప్పుకోడానికి లేదు. ఇంకా ముందుకేనా?"

"ఇంకో మైలు, అంతే" అన్నాను.

ఆ మైలు నాది. అంతకుముందు జరిగినదానికి పౌరుషమనో, కడుపుమంట అనో పేరు పెట్టుకోవచ్చు, ఆ మైలుకి ఏ పేరూ లేదు. మొదట డబ్బా మీద గులకరాళ్ళు విసిరినట్టు చప్పుడు. నేను నవ్వాను, ఒక్కణ్ణే, గదిలో. తరవాత ఆ చప్పుడు రేకు మీద సుత్తి దెబ్బలైంది. అప్పుడు ఆయనది కాని గొంతు ఒకటి, "ఏమండీ, ఆపండి, అద్దం, అద్దం..." అంది. వదిన! ఆ రోజు ఆమె కూడా సెలవు పెట్టి సరదాగా వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. పెద్దగా పగిలిన చప్పుడు, కేక, ఫోను తెగిపోయింది. తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. దక్షిణం వైపు జంట మెడలో దారంలా బిగుసుకుని, ఆయన అంతకుముందు కారు ఆపుకున్న చోటు మీదికి పోతోంది. ఆయన కదలకుండా ఉంటే ఆ మేఘం తోక కళ్ళెదురుగా దిగి ఉండేది. దాన్ని ఒక రైతు ఫొటో తీశాడు, మర్నాడు పేపర్లో పడింది. సమావేశం కోసం కూర్చుకున్న ఆ వాక్యాన్ని కూడా నేను అప్పటికి మర్చిపోయాను.

వడగళ్ళు నిమ్మకాయలంతవి పడ్డాయట. ముందు అద్దం లోపలికి వచ్చేస్తుంటే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన చొక్కా విప్పి ఆ చేతికి కట్టి, పగిలిన అద్దంలోంచి దారి చూసుకుంటూ స్విండన్ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి బనీను మీద ఎవరిదో దుప్పటి కప్పుకుని కారిడార్లో కూర్చుని ఉన్నాడు. జుట్టు నిండా గాజు పొడి. నన్ను చూసి లేచి నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం కంగారు పడకు. నువ్వు చెప్పినదానికంటే ముందుకి పోయుంటాను, తొందర ఎక్కువ కదా నాకు" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చిందని అబద్ధమాడను, రాలేదు. ఎక్కడ బయటపడతానో అన్న భయం తప్ప నాలో ఇంకేమీ లేదు.

వదిన కనుబొమ మీద ఆరు కుట్లు వేశారు, అవి మానిపోయాయి. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. చూడ్డానికి ఏమీ తెలియదు. అప్పుడు వాళ్ళమ్మాయికి పదేళ్ళు, నడుం దాటే జుట్టు. రోజూ పొద్దున్న వదిన దాన్ని బిగించి రెండు జడలు వేసి బడికి పంపేది. ఆ ఆగస్టులో ఆ పిల్లకి మెడ దాకా జుట్టు కత్తిరించేశారు. ఇప్పటికీ అంతే ఉంచుకుంటుంది.

మా అత్తగారు కాకినాడ నుంచి ఫోనులో పెద్దల్లుణ్ణి దులిపేశారు. చదువుకుంటే సరిపోతుందా, ఒళ్ళు తెలియాలి అన్నారు. మా ఆవిడతో మాత్రం, "మీ ఆయన నిదానస్తుడే, నీ అదృష్టం" అన్నారు. ఆ మాట తియ్యగా ఉంది నాకు, అంత జరిగాక కూడా. ఆ ఫొటో ముందుగది గోడ మీంచి దిగిపోయింది. ఆయన కెమెరా ఎవరికో ఇచ్చేశాడు. వదిన చాలాకాలం వాన పడుతుంటే ఆయన నడిపే కారెక్కేది కాదు, బస్సుకి పోయేది.

ఏడాది గడిచాక ఆయనే ఆ సంగతిని నవ్వుల కథగా చెప్పడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ చివర్లో నా వైపు తిరిగి, "ఏమోయ్, అంతేనా? నేనేమైనా వదిలేశానా?" అనేవాడు. "అంతే అన్నయ్యా" అనేవాణ్ణి. పాపం భోళామనిషి అనుకునేవాణ్ణి.

అమ్మాయి ఫోను వచ్చిన ఆ వారం మా ఆవిడకి మొదట చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "కారు తియ్యి, నేను రాను" అంది. శనివారం స్టాన్‌మోర్ వెళ్ళాను. ఆయన వెనక తోటలో చిక్కుడు పాదుకి కర్రలు పాతి దారం కడుతున్నాడు. నేను నిలబడి, అన్నయ్యా, ఆ రోజు సంగతి ఒకటి చెప్పాలి అన్నాను.

"ఉత్తరందాన్లో సుడి లేదు. అదేగా?" అన్నాడు, ముడి వేస్తూనే.

ఆయన తీరిగ్గా చెప్పాడు. గాయాలు మానాక ఒక నెలకి సంఘంవాళ్ళని అడిగి ఆ రోజు బొమ్మలన్నీ తెప్పించుకున్నాడట. తెర వంక ఎన్నడూ చూడనివాడు వారం రోజులు కూర్చుని చదవడం నేర్చుకున్నాడట. దక్షిణం వైపు ఎరుపూ ఆకుపచ్చా మూడుసార్లు కనబడ్డాయి. కొత్తగా నేర్చుకున్న తనకే కనబడితే నాకు కనబడకపోవడం జరగదని అర్థమైందట.

"పన్నెండేళ్ళు ఎందుకు అడగలేదు అన్నయ్యా?"

"అడిగితే ఏం చేసేవాడివి? కాళ్ళ మీద పడి, ఏడ్చి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయేవాడివి. ఆ నిద్ర నీకెందుకివ్వాలోయ్ నేను? మత్తు ఇచ్చేవాణ్ణి. ఎవరికి ఎప్పుడు ఇవ్వకూడదో కూడా తెలుసు నాకు."

ప్రతి పండగకీ ఆ కథ చెప్పి, నేనేమైనా వదిలేశానా అని అడిగింది అందుకన్నమాట. నేను ఒక మధ్యాహ్నం తీర్చుకున్న పగని ఆయన పన్నెండేళ్ళు, మర్యాద తప్పకుండా, నవ్వుతూ, నాకు భోజనం పెట్టి మరీ తీర్చుకున్నాడు. కోపం రాలేదు. చెప్పకూడదు గానీ, లోపల ఎక్కడో ఆయన మీద గౌరవం లాంటిది కలిగింది.

"లాప్‌టాప్ పట్టుకుంటాడన్నారు మీరు, అందరిలో" అన్నాను, చిన్నపిల్లాడిలా.

ఆయన చేతులు ఆగాయి. "అన్నాను" అన్నాడు. "ఆ రాత్రే తప్పనిపించింది. నిన్ను అడుగుదామనుకున్నాను, మర్చిపోయాను." కాసేపు దారం చుట్టాడు. "మీ వదినకి తెలియదు. నేను చెప్పలేదు, చెప్పను. అది నీ పని."

వదిన వంటింట్లో ఉంది. నిలబడే విన్నది. నేను చెప్పడం అయిపోయాక పొయ్యి కట్టేసి, "నేను కార్లో ఉన్నానని తెలిస్తే పంపేవాడివి కాదు, అవునా?" అంది.

"ఒట్టు వదినా. మీరున్నారని తెలిస్తే చచ్చినా పంపేవాణ్ణి కాదు."

"అంటే ఆయనొక్కడే అయితే ఫరవాలేదన్నమాట."

ఆమె ఆ మంచి చేత్తోనే స్టవ్ గట్టు తుడిచింది, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడిచింది. తరవాత నా వంక చూడకుండా అంది: "ఎవరడిగినా ఆయన తొందరపాటే అని చెప్పాను. మా అమ్మకి చెప్పాను, షాపులో నాతో పనిచేసేవాళ్ళకి చెప్పాను, నా కూతురికి చెప్పి పెంచాను. మా అమ్మ అల్లుణ్ణి తిట్టుకుంటూనే పోయింది. ఇప్పుడు ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోడం నా వల్ల కాదు. పేజీ అడిగింది కదా అమ్మాయి? ఇదే రాయి. జరిగింది జరిగినట్టు." గుమ్మం దాకా వచ్చి, "ఫంక్షన్‌కి రా. రాకపోతే జనం నన్నడుగుతారు" అంది.

అందుకని ఇది రాశాను. ఒక పేజీ అన్నారు, చాలా ఎక్కువైంది, నవ్వించేది అన్నారు, అదీ కుదరలేదు. పుస్తకం చేతికి వచ్చినవాళ్ళకి నా మనవి ఒక్కటే: డాక్టరు గారు ఆ రోజు తొందరపడలేదు. చెప్పిన దారిన చెప్పినట్టు వెళ్ళారు.

ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు. అంతకంటే మంచిది ప్రతివాళ్ళ ఫోనులోనూ ఉంది. మేఘం ఏ ఊరి మీదికి ఎన్నింటికి వస్తుందో అదే గీత గీసి చూపిస్తుంది. బొమ్మ పాతబడిందేమో అని లెక్క కట్టేవాడితో పనిలేదు, ఎటు అని ఇంకొకడిని అడిగి వాడి మాట మీద స్టీరింగు తిప్పేవాడూ లేడు. మంచికే అనుకుంటాను. నాలాంటి వాడి చేతిలో అంత నమ్మకం పెట్టడం ఎంత ప్రమాదమో నాకంటే ఎవరికి తెలుసు? అయినా నా అంతట నేను కూర్చుని తలుచుకుంటే, ఒకరి గొంతు మీద ఒకరం అలా ఆధారపడి పొలాల మధ్య తిరిగిన ఆ మూడు ఎండాకాలాలే ఈ దేశంలో నాకు మిగిలిన బతుకులా అనిపిస్తాయి. ఆ మనిషిని అంత ద్వేషించాను గానీ, అంత దగ్గరగా ఇంకెవరితోనూ కూర్చోలేదు.

మొన్న మంగళవారం ఉక్కబోసి, సాయంత్రానికి మార్ల్‌బరో వైపు మేఘం లేచింది. అలవాటు చావక గాలి బొమ్మ తెరిచాను. చిన్న జంట, రెండుసార్ల నుంచి నిలబడి ఉంది. చాలాసేపు ఆలోచించి ఆయనకి మెసేజ్ పెట్టాను, దక్షిణం వైపు దాన్లో సుడి ఉంది అన్నయ్యా, నిజంగానే ఉంది అని. కొంతసేపటికి జవాబు వచ్చింది.

"చూశాను."

కిటికీ దగ్గర నిలబడి, అది విడిపోయి మామూలు వాన అయ్యేదాకా చూశాను. ఫోను ఇంక మోగలేదు.